అన్నయ్య బూట్లు, నాన్న బూట్లు

మా ఇంగ్లీషు మేడమ్ పోయారని మొన్న పొద్దున్న బస్సులో ఉండగా ఫోనొచ్చింది. వన్‌టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి సందంతా మా కాలేజీ వాళ్ళే. నేనూ ఏడ్చాను. కానీ ఆవిడ గురించి ఏడుపుగొట్టుగా రాయడం నా వల్ల కాదు. నన్ను గెలిపించిన మనిషి ఆవిడ.

గాజువాకలో మాకు ఇంటర్ చెప్పేవారు. రెండు బస్సులు మారి వచ్చినా మాకంటే ముందే క్లాసులో ఉండేవారు. సుద్దముక్కని చేతిరుమాలులో చుట్టి పట్టుకునేవారు. ఎవరైనా మంచి జవాబు చెబితే, వాళ్ళ మాటల్లోనే బోర్డు మీద రాసి కింద పేరు పెట్టేవారు. నా పేరు ఆ బోర్డు ఎక్కే సూచనలేమీ ఉండేవి కావు.

నాకు పదహారేళ్ళు. నాన్న పోయిన ఏడాది అది. ఆయన స్టీల్‌ప్లాంటులో పనిచేసేవారు. ప్లాంటువాళ్ళిచ్చే సేఫ్టీ బూట్లు పాతబడితే మా కాలనీలో ఇంట్లో ఎవరో ఒకరు వాడేస్తారు. నాన్న ఆఖరి జతని, వేళ్ళ దగ్గర గుడ్డలు కుక్కి, నేను కాలేజీకి వేసుకెళ్ళేదాన్ని. నవ్వినవాళ్ళతో దెబ్బలాడేదాన్ని. పరీక్షలు తప్పాను.

“అర్ధసంవత్సరం పరీక్షల్లో కూడా తప్పితే సదువు సాలు. బట్టల షాపులో సేరిపో,” అని మావయ్య తేల్చేశాడు. అమ్మ తల వంచుకుంది. నాకు చదువుకోవాలనే ఉంది. బూట్లు తొడుక్కుని కాలేజీకి వెళ్ళిపోయాను.

అప్పుడు ఇంగ్లీషులో మాకో నవల పాఠంగా ఉండేది. అందులో కుర్రాడు చనిపోయిన అన్నయ్య బూట్లు నిద్రలో కూడా విప్పడు. ఎవరితో చూసినా గొడవే. ఆ బూట్లు దేనికి సంకేతమని మేడమ్ అడిగితే క్లాసంతా గైడు అప్పజెప్పింది: దించుకోలేని దుఃఖభారం.

మేడమ్ నా వైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా. బరువేనా?”

“కాదు మేడమ్. నాను మా నాన్నవి ఏసుకుంటన్నాను కదా. ముందర లోపల ఇనప రేకుంటాది. మీద ఏటి పడ్డా కాలి ఏళ్ళు నలగవు. ఆ కుర్రాడికి బయం. అందుకే తియ్యడు.”

అందరూ ఘొల్లుమన్నారు. మేడమ్ నవ్వలేదు.

“పరీక్షలో ఇదే రాయి.”

“గైడులో అలాగ లేదు మేడమ్. మార్కులు పోతే?”

“గైడుకి నాన్న పోలేదు తల్లీ. నీకు పోయారు. నువ్వే రాయి.”

రాశాను. నవల చివర్లో ఆ కుర్రాడు బూట్లు విప్పి గుమ్మం పక్కన పెడతాడు. అన్నయ్యని మర్చిపోయాడని గైడు. మర్చిపోలేదు, భయం పోయిందంతేనని నేను. వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు పేజీలు నింపేశాను.

ఇంగ్లీషులో క్లాసు ఫస్టు నేనే! మిగతా సబ్జెక్టులూ ఎలాగో గట్టెక్కాయి. మావయ్య పేపరు తిప్పి తిప్పి చూసి, “ఏటే, ఇది నీదేనా?” అన్నాడు. బట్టల షాపు మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు. ఇవాళ పోర్టులో ఉద్యోగం చేస్తూ, దొరికిన నవలనల్లా చదువుతూ, నచ్చని గైడునల్లా తిడుతూ హాయిగా ఉన్నాను.

ఆవిడని తలచుకుంటే ముందుగా కళ్ళకి కట్టేది పేపర్లిచ్చిన రోజు. నన్ను ప్లాట్‌ఫారం ఎక్కించి, నా జవాబు గట్టిగా చదవమన్నారు. తను వెళ్ళి ఆఖరి బెంచీలో నా చోట, నన్ను చూసి నవ్విన ఇద్దరమ్మాయిల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. సగంలో ఏదో సందేహం వచ్చినట్టుంది, మేడమ్ చెయ్యెత్తారు. నేను పిలిచేదాకా దించలేదు.