అత్తగారితో పర్ర గట్టు మీద

గోదావరికి ఆనకట్ట కట్టి, మా వైపు కాలవలు తవ్వుతున్న రోజులవి. మెట్ట ఊరి నుంచి రాజోలుకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటికి కోడలిగా వచ్చి నాలుగు నెలలైంది. అత్తగారంటే హడలు. ఆవిడ పని చెప్పేవారు, నేను చేసేదాన్ని. అంతకు మించి మా మధ్య మాట లేదు.

కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే లేపి, "సముద్రస్నానానికి వెళ్దాం, అటుకులు మూటకట్టు" అన్నారు.

తీరా సగం దూరం వెళ్ళాక, దారి వదిలి, ఉప్పుబురదలో వేళ్ళు పైకి తేలి ఉండే మడచెట్ల పక్కనున్న గట్టు ఎక్కారు. గట్టుకి అవతలంతా పర్ర. పోటుకి ఉప్పునీరు నిండి, ఆటుకి బురద తేలే నేల.

"అత్తయ్యగారూ, సముద్రం అటు కదండీ?"

"ఆఁ, అటే. స్నానమన్నది ఇంట్లోవాళ్ళకి. మనం పిట్టల్ని చూడ్డానికొచ్చేం."

నీరు తీసిన బురద మీద ఎన్ని పిట్టలో! గూడబాతుల్ని, ఉల్లంకుల్ని వేలుపెట్టి చూపించారు. పేరు తెలియనివాటికి ఆవిడే పేర్లు పెట్టుకున్నారు. ఎర్రకాళ్ళది పారాణి పిట్ట. మెడ ఊపుతూ హుందాగా నడిచేదాన్ని చూపించి, "అది మీ మామగారు" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆ ఊరొచ్చాక పైకి నవ్వడం అదే మొదలు.

ఇంకా దగ్గరగా చూద్దామని ఆవిడ గట్టు దిగి, మోకాళ్ళదాకా కూరుకుపోయారు. "చెయ్యివ్వవే!" అని కేకేశారు. నేనూ దిగి, ఒక చేత్తో మడవేరు పట్టుకుని రెండో చేత్తో ఆవిడని లాగాను. ఆవిడ వచ్చి నా మీద పడ్డారు. ఇద్దరం బురదలో. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి మా మీదుగా తిరిగాయి.

ఆవిడ లేవకుండా అలాగే పైకి చూస్తూ, "ఏటా ఒక్కదాన్నే వచ్చేదాన్ని. చెబితే పిచ్చిదనుకుంటారని భయం. నువ్వు పిచ్చికలకి నూకలెయ్యడం చూసేను. అందుకే తీసుకొచ్చేను" అన్నారు.

ఇంటికొచ్చేసరికి మామగారు అరుగు మీదే ఉన్నారు. "స్నానానికెళ్ళి బురదతో వచ్చేరేంటి?"

అత్తగారు నా వైపు చూశారు. నేను తలుపు చాటుకి జరిగి, "దారిలో జారిపడ్డామండి" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట. అబద్ధం కూడా కాదు.

తరవాత చాలా కార్తీకాలు కలిసే వెళ్ళాం. చివర్లో ఆవిడకి చూపు ఆనేది కాదు. గట్టు మీద కూర్చోబెట్టి, ఏది ఎక్కడ వాలిందో నేను చెబుతుంటే వినేవారు.

ఆవిడ తద్దినంనాడు అందరూ ఆవిడ వంటనీ, పొందికనీ తలుచుకుంటారు. నేను మాత్రం ఆ పొద్దున నన్ను లేపి వెంట తీసుకెళ్ళినందుకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.