తేలిక గుండుకు తగిన రైఫిల్

పోలీసు శాఖలో ఆర్మరర్ ఎస్సైగా రిటైరయ్యాను. అంతకు రెండేళ్ల ముందు, మార్కాపురంలో పనిచేస్తుండగా, ఒక అక్టోబరు సోమవారం నాకు ఉత్తర్వు అందింది. గిద్దలూరు వైపు ఒక అటవీ రేంజికి అదనంగా ఇంకో రైఫిల్ కావాలి, మూడింటిని పరీక్షించి ఒకదాన్ని సిఫారసు చేయాలి. ఆర్మరర్ అంటే తుపాకీ పేల్చేవాడని మా వీధిలో ఇప్పటికీ అనుకుంటారు. పేల్చడం మా పనిలో వీసమెత్తు. విప్పడం, తుడవడం, నూనె పెట్టడం, అరిగిన స్ప్రింగు మార్చడం, చివరికి ‘వాడుకకు యోగ్యం’ అని సర్టిఫికెట్ రాయడం మా ఉద్యోగం. నా సర్టిఫికెట్‌ను ఎవరూ ఏనాడూ వేలెత్తి చూపలేదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ పొగరుతోనే రిపోర్టు ముందే టైపు చేయించి, జేబులో పెట్టుకుని బస్సెక్కాను. మూడింటిలో ఒకటో నంబరు నాకు పాత చుట్టం. నిరుడు రేంజికి వచ్చిన విదేశీ రైఫిల్ అది. లావు బ్యారెల్, నున్నటి అక్రోటు కట్టె బట్, పైన ఖరీదైన దుర్భిణి. దాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. ఇంకొకటి అలాంటిదే కొనండి అని సంతకం పెట్టేస్తే మధ్యాహ్నం గిద్దలూరులో భోంచేసి ఇంటికి పోవచ్చని నా లెక్క.

రైఫిల్ అడవి పందుల కోసం. నల్లమల అంచు పల్లెల్లో మొక్కజొన్న కంకి పాలు పట్టేవేళకు పందులు చేలమీద పడతాయి. వాటిని ఎవరు పడితే వారు కొట్టకూడదు. రిజర్వు అడవికి బయట, పంట పాడుచేసేదాన్ని మాత్రమే, అనుమతి కార్డు ఉన్న షూటరు, అటవీ సిబ్బంది ఎదుట కాల్చాలి. ఆ రేంజికి అలాంటి షూటరు ఒక్కడే. మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే కరీముల్లా, అరవైకి దగ్గర పడ్డ మనిషి.

రేంజి ఆఫీసరు ముప్పై దాటని అమ్మాయి. ఫైలులో ప్రతి కాగితం ఆమెకు కంఠోపాఠం. టీ ఇప్పించి అసలు సంగతి చెప్పింది. నిరుడు వచ్చిన ఆ ఒకటో నంబరు రైఫిల్ ఇచ్చాక కరీముల్లా ఆ సీజనులో మూడుసార్లు కాల్చి మూడుసార్లూ తప్పాడట. మూడోసారి బెదిరిన పందుల మంద రంగమ్మ అనే రైతు చేనులో పడి అర ఎకరం తొక్కిపారేసిందట. కరీముల్లాకు చూపు పోయిందని ఊళ్లన్నీ కోడై కూస్తున్నాయి. రైఫిల్‌కు నా సర్టిఫికెట్ ఉంది కనుక లోపం మనిషిదే అని ఆమె తేల్చుకుంది. ఆ రోజు అతను కార్డు తిరిగి ఇచ్చేయడానికి వస్తున్నాడు. నాకూ అది సబబుగానే తోచింది.

కరీముల్లా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కార్డు ఉన్న కవరు. కార్డు పోతే పోయింది, చట్రం పనీ చూపుతో చేసేదే. చూపు పోయి గవర్నమెంటోళ్లు తీసేశారని పలకల బజారులో తెలిస్తే రేపు పని ఇచ్చేవాడు ఉండడు. అతని భయం అది. కవరు బల్లమీద పెట్టి, దానిమీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.

“సార్, కళ్లు పోయినాయని తేలితే ఒప్పుకుంటా. ఊరంతా అంటాందని మాత్రం ఒప్పుకోను. మీ ముందర అయిదు గుండ్లు కాల్చనీండి. తప్పితే ఈ కార్డు ఈడనే ఇడిసిపెట్టి పోతా” అన్నాడు.

ఎలాగూ పరీక్షకు ఎవరో ఒకరు కాల్చాలి కదా అని ఆమె ఒప్పుకుంది. రంగమ్మ బీడులో పంటకుంట తవ్వినప్పుడు పోసిన ఎర్రమట్టి దిబ్బ ఉంటే, దాని ముందు కాగితాలు నిలబెట్టించాను. ఒక్కో కాగితం మధ్యలో అరచేతి వెడల్పున నల్లచుక్క. అక్కడికి వంద గజాల దూరంలో బల్ల వేసి, రైఫిల్ కదలకుండా ఇసుక సంచులు పెట్టాను. రంగమ్మ వచ్చి గట్టుమీద కూర్చుంది. మామా, కండ్లద్దాలు తెచ్చుకున్నావా, మర్చిపోయినావా అని మొదటే కరీముల్లాను ఆటపట్టించింది. ఆ మాటకు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక్కడ కాస్త వృత్తి సంగతి చెప్పాలి. మూడూ ఒకే బోరు, అంటే గొట్టం లోపల ఒకే వెడల్పు ఉన్న బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు. తలుపు గడియలాగే పిడి ఎత్తి వెనక్కి లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది, ముందుకు తోసి దించితే కొత్తది లోపల బిగుస్తుంది. తూటా కొసన ఉండి ఎగిరిపోయే సీసపు ముక్క గుండు. ఈ బోరుకు మామూలుగా పన్నెండు గ్రాములకు దగ్గరి గుండు వాడతారు. పొలాల్లో మనుషులుంటారు, బరువు గుండు పందిలోంచి దూసుకుపోయి అవతల ఎవరికైనా తగులుతుందని పైఆఫీసు వాళ్లు ఎనిమిదిన్నర గ్రాముల తేలిక గుండ్లు పంపారు. తేలికది పొట్టిగా ఉంటుంది. రైఫిల్ వచ్చిన రెండు నెలలకు వచ్చాయి అవి. ఆ తేదీల తేడా నేను పట్టించుకోలేదు.

కరీముల్లా ఒకటో నంబరుతో అయిదు కాల్చాడు. వెళ్లి చూస్తే ఆరంగుళాలకు పైగా చెల్లాచెదరుగా ఉన్నాయి, చుక్కలో ఒక్కటే పడింది. రేంజి ఆఫీసరు ఆ కొలత రాసుకుంది. కరీముల్లా కాగితం వైపు చూసి, వెంట తెచ్చి కాల్చే బల్లమీద పెట్టిన కవరు వైపు చూశాడు. నాకు జాలి వేసింది గానీ అనుమానం రాలేదు.

రెండో నంబరులో పొట్టి తూటా, తూటాలు నింపే మాగజీన్ పెట్టెలోంచి పైకి వస్తూ ముక్కు తట్టుకుని ఇరుక్కుపోయింది. మూడుసార్లు అదే తంతు. పందికి ఎదురు నిలబడి గడియతో కుస్తీ పట్టేవాడికి అది పనికిరాదు, పక్కన పెట్టాను. మూడోది మన దేశంలోనే ఫ్యాక్టరీలో చేసింది. సాదా కట్టె, సన్నటి బ్యారెల్, మామూలు దుర్భిణి, చూస్తే ఎవరూ రెండోసారి చూడరు. దానితో అయిదు కాల్చాడు. ఒక్కటీ చుక్కలో పడలేదు.

“మల్లా తప్పినాడు మా మామ” అంది రంగమ్మ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

కాగితం దగ్గరికి వెళ్లిన నేను అక్కడే ఆగిపోయాను. చుక్కకు ఎడమగా, కిందుగా, అయిదు గుండ్లూ ఒకే చోట పడ్డాయి. టీ గ్లాసు బోర్లిస్తే అన్నీ దాని కిందకే వస్తాయి. మా వృత్తిలో దీన్ని గ్రూపు అంటాం. చుక్కలో పడిందా లేదా అన్నది దుర్భిణి మరలు తిప్పి సరిచేసుకునే విషయం. అన్నీ ఒకచోట పడ్డాయా అన్నదే మనిషి, రైఫిల్, గుండు కలిసి ఇచ్చే సాక్ష్యం. చూపు పోయినవాడు అయిదు గుండ్లను గ్లాసు కింద పెట్టలేడు.

ఒకటో నంబరు తీసుకుని నేనే బల్ల దగ్గర కూర్చున్నాను. నా అయిదు గుండ్లూ కరీముల్లావి పడ్డట్టే చెదిరిపోయాయి. అప్పుడు నా పెట్టెలో స్టోరు నుంచి తెచ్చిన బరువు గుండ్ల తూటాలు తీసి అయిదు కాల్చాను. చుక్క నడిమధ్యలో, రూపాయి బిళ్లంత మేరలో పడ్డాయి. నిరుడు నేను పరీక్షించింది ఈ తూటాలతోనే. చేతికి అందుబాటులో ఉన్నవి అవే.

కారణం చూడటానికి బ్యారెల్ శుభ్రం చేసే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి, కడ్డీమీద సుద్దగీత పెట్టి, లోపలికి తోశాను. బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి, గుండును అవే బొంగరంలా తిప్పుతాయి. ఒకటో నంబరులో పది అంగుళాలకు గీత ఒక చుట్టు తిరిగి వచ్చింది, మూడోదానిలో పన్నెండు. పొడుగు గుండుకు గట్టి మెలిక కావాలి, పొట్టిదానికి వదులు మెలిక చాలు. అంతకంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది. ఒకటో నంబరులో తూటా కూర్చునే గదికీ గాడులకూ మధ్య ఖాళీ ఎక్కువ, పొడుగు గుండు కోసం వదిలింది. పొట్టి గుండు ఆ ఖాళీ దాటేలోపే ఒక పక్కకు ఒరిగి గాడుల్లో పడుతోంది. రైఫిల్ మంచిదే, గుండూ మంచిదే, రెండింటికీ పొత్తు కుదరలేదు. కుదిరిందని సంతకం పెట్టిన పెద్దమనిషిని నేను.

జేబులోని రిపోర్టు తీసి, అందరూ చూస్తుండగా నాలుగు ముక్కలు చేశాను. తప్పు షూటరుది కాదని, నా సర్టిఫికెట్‌దని రేంజి ఆఫీసరుకు చెప్పాను. ఆమె ఫైలు తెరిచి, అలాగే రాసిస్తారా అని అడిగింది. రాసిస్తానన్నాను. కరీముల్లా దగ్గరికి వెళ్లి, నావల్ల నీకు మాట వచ్చిందయ్యా అన్నాను.

అతను కోప్పడతాడనుకున్నాను. బల్లమీది కవరు తీసి చొక్కా జేబులో పెట్టుకుని నవ్వాడు. “పోనీలే సార్. మేము చట్రం తప్పు కొలతకు కోసి పలకను తిట్టుకుంటాం. మీరూ అట్లనే చేసినారు, అంతే కదా” అన్నాడు. తర్వాత రంగమ్మ వైపు తిరిగి, “ఏందమ్మా, ఇప్పుడు ఎవరికి కావాల కండ్లద్దాలు?” అని అడిగాడు. ఆమె మొహమాటం లేకుండా నావైపు చెయ్యి చూపించింది. అందరం పగలబడి నవ్వాం, నేను కాస్త ఆలస్యంగా.

మూడో నంబరు దుర్భిణి మరలు తిప్పి గ్రూపును చుక్కలోకి తెచ్చాను, దీన్ని మేం జీరో చేయడం అంటాం. సిఫారసు దానికే రాశాను. ఆ వారమే ఒక తెల్లవారుజామున కరీముల్లా దానితో ఒక్క గుండుకే పందిని పడగొట్టాడు. రంగమ్మ మిగిలిన చేనులోంచి పాతిక కంకులు ఏరి బస్సులో మార్కాపురం పంపింది. పన్నెండు నాకు, పదమూడు అతనికి. ఎక్కువది ఎవరిదో మూట మీద పేరు రాసి మరీ పంపింది.

ఆ తర్వాత ఉద్యోగం చివరిదాకా నేను రాసిన ప్రతి సర్టిఫికెట్‌లో ఒక వాక్యం అదనంగా ఉండేది: ఏ బరువు గుండుతో పరీక్షించానో. అసలు కాల్చబోయేదానితో చూడని పరీక్ష పరీక్ష కాదు.

రేంజిలో కాల్పుల రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఎవరు కాల్చారు, తగిలిందా, తప్పిందా, ఎందుకు తప్పింది అని అందులో రాస్తారు. కరీముల్లా పేరు ఎదుట ఆ మూడు చోట్ల ‘షూటరు లోపం’ అని ఉండేది. ఆ రోజు తిరిగి వచ్చే ముందు ఆ మాట కొట్టేసి ‘ఆర్మరర్ లోపం’ అని నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. నా సర్వీసులో నా పేరున రిజిస్టరుకెక్కిన తప్పిపోయిన గుండ్లు ఆ మూడే. వాటిలో ఒక్కటీ నేను కాల్చింది కాదు, మూడూ నావే.