జెనీవా పెద్దాయనను అల్మరాలో నిలబెట్టుకున్నాం

మొన్న ఆదివారం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో భోజనాలవుతుండగా, తన టీమ్‌లో చాలామంది పని ఇక మెషీనే చేసేస్తుందనీ, వాళ్ళందరికీ లేఆఫ్ ఇచ్చేశారనీ తను చెప్పగానే, నేను పెరుగన్నం వదిలేసి, ఈ మాట రెండువందల ఏళ్ళ కిందటే ఒకాయన చెప్పాడు తెలుసా అని లేచి నిలబడ్డాను. ఉద్యోగాలు పోయిన కబురు మీద ఈ హుషారేమిటని మావారు కళ్ళతోనే మందలించారు గానీ, ఆ మనిషితో నాది పాత స్నేహం.

పేరు పలకడం నాకు ఇప్పటికీ సరిగా రాదు కనుక, పుట్టిన ఊరిని బట్టి జెనీవా పెద్దాయన అనే పిలుచుకుంటాను. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో కాపురం పెట్టిన కొత్తల్లో, డిపెండెంట్ వీసా మీద వచ్చిన మనబోటి వాళ్ళకు ఉద్యోగం చేసే వీలు లేక, ఉన్న ఒక్క కారూ ఆఫీస్‌కి వెళ్ళిపోతే, నడిచి చేరగలిగిన చోటు పబ్లిక్ లైబ్రరీ ఒక్కటే. కాలేజీలో నేను చదివింది కెమిస్ట్రీ; ఆర్థికశాస్త్రం మాత్రం ఆ అల్మరాల మధ్య, పక్కన డిక్షనరీ పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను, ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. అక్కడే, ఆయన రాతలు కూడా చేర్చిన జీవితచరిత్ర ఒకటి దొరికింది. విప్లవంలో ఆస్తి పోగొట్టుకుని కుటుంబంతో ఇటలీ చేరి సేద్యం చేశాడట, ఆ దేశపు పాత స్వతంత్ర నగరాల చరిత్రను సంపుటాలుగా రాశాడట, మొదట స్వేచ్ఛా వ్యాపారాన్ని మెచ్చుకుని, తరువాత ఇంగ్లండులో సరుకు నిండిన గోదాముల పక్కనే పస్తులుండే కూలీలను చూసి, తన మాటను తానే దిద్దుకున్నాడట. సంపద పెరిగింది సరే, ఎవరికి పెరిగిందని ఆయన అడిగిన చోట నేను కూర్చోలేక కిటికీ దగ్గర పచార్లు చేశాను.

తిరిగి ఇవ్వబోతే, నెరిసిన జుట్టు లైబ్రేరియన్, ఇది ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పుస్తకమనీ, వేసవిలోగా మరెవరైనా తీసుకోకపోతే అల్మరాలోంచి తీసి అమ్మేస్తామనీ, నేనొక్కదాన్నే మళ్ళీ మళ్ళీ తీసుకుంటే లెక్కలోకి రాదనీ చెప్పింది. కొనేసుకో అన్నారు మావారు. కొనుక్కుంటే నాకు దక్కుతుంది, ఇంకొకరి చేతికి తగిలే దారి మూసుకుపోతుంది.

మా కాంప్లెక్స్‌లోని ఆడవాళ్ళను బతిమాలాను. అందరూ నవ్వారు, వంటల పుస్తకమైతే తీసుకునేదాన్నని ఒకావిడ అంది. చివరకు పక్క అపార్ట్‌మెంట్‌లోని సిరిసిల్ల అక్క ఒప్పుకుంది.

"కార్డ్ నాది, చదువుడు నీది. మళ్ల నాకు పరీక్ష పెట్టకు పిల్లా," అంది.

పుస్తకాన్ని తన కార్డ్ మీద తీసుకుని, ముందు తనింటికే పట్టుకెళ్ళింది. గడువు దాటినా అది తిరిగి రాలేదు. పోగొట్టిందేమోనన్న భయంతో వెళ్ళి తలుపు తట్టాను. అక్క స్టవ్ ఆపేసి, వంటగదిలో నిలబడి, యంత్రాల అధ్యాయం చదువుతోంది. యంత్రం సరుకును పెంచుతుంది గానీ, కూలి పోయినవాడు ఆ సరుకును దేనితో కొంటాడని ఆయన అడిగిన చోట వేలు పెట్టి నావైపు చూసింది. వాళ్ళ నాన్న మగ్గం నేసేవాడని నాకు అప్పటిదాకా తెలియదు.

"మా నాయన ముచ్చటే రాసిండు. పవర్‌లూమ్‌లు వచ్చినంక ఊర్ల బట్ట ఎక్కువైంది, మా అమ్మకు చీర తక్కువైంది," అంది.

మరునాడు ఇద్దరం లైబ్రరీకి వెళ్ళాం. అక్క వచ్చీరాని ఇంగ్లీషులోనే ఆ చీర సంగతంతా లైబ్రేరియన్‌కు చెప్పి, ఇంకా సగం మిగిలింది, మళ్ళీ నాకే కావాలని అడిగింది. ఆవిడ కళ్ళజోడు తీసి విని, ఈ పుస్తకం ఇక ఎక్కడికీ పోదని మాట ఇచ్చింది. తరువాత, మొదట్లో నవ్విన ఆడవాళ్ళే ఒకరి వెనుక ఒకరు దాన్ని తీసుకెళ్ళారు. స్ట్రోలర్లు ఊపుతూ, సంపద ఎవరిదని పార్క్ బెంచీల మీద మేం వాదించుకుంటుంటే మధ్యాహ్నాలు ఎలా గడిచాయో తెలిసేది కాదు.

ఇప్పుడు మాలో చాలామందికి ఉద్యోగాలున్నాయి, ఎవరి కారు వాళ్ళకుంది, అక్క ఈ ఫ్రిస్కో పక్కనే ప్లేనోలో ఉన్నా కలిసేది పండగలకే. ఆ పుస్తకం ఫోన్‌లోనే దొరుకుతుంది, ఎవరూ చదవకపోయినా దానికి ప్రాణభయం లేదు. మంచిదే. కానీ ఒక పుస్తకం కోసం పక్కింటి తలుపు తట్టే అవసరం పోయాక, ఆ తలుపు వెనుక ఎవరి కూతురు ఉందో మనకు ఎలా తెలుస్తుందా అనిపిస్తుంది.