ఖాట్మండులో తల్లి పోసింది

నేపాల్‌ను విదేశమంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీయండి. ఎనభైల మొదట్లో కాజీపేట రైల్వే క్వార్టర్లలో, మా వరుసలో దేశం దాటింది మేమే. మా ఆయన గూడ్సు గార్డు. పాసు మీద రక్సౌల్ దాకా రైలు, అక్కడ సరిహద్దు దాటి ఖాట్మండుకు బస్సు. బయలుదేరే ముందు నెలరోజులు కుళాయి దగ్గర నేను వేరే ముచ్చటే ఎత్తలేదు. ఎంత మిడిసిపడ్డానో! తలుచుకుంటే సిగ్గూ వేస్తుంది, మళ్లీ ఆ రోజులు కావాలనీ అనిపిస్తుంది.

ఏడేళ్ల పాప కొండలు చూస్తూ కూర్చుంది గానీ, నాలుగేళ్ల బాబుకు బస్సులోనే ఒళ్లు కాలిపోయింది. మర్నాడు పొద్దున లాడ్జి గదిలో చొక్కా విప్పి చూస్తే మెడ నుంచి పొట్ట దాకా ఎర్రటి పొక్కులు.

"తల్లి పోసింది," అన్నాను.

"దవాఖానకు పోదాం పా," అన్నాడు మా ఆయన.

"దిమాక్ ఖరాబైందా నీకు? తల్లి పోసినోనికి సూదేపిస్తవా?"

మా ఇళ్లలో అదే పద్ధతి. పొక్కు కనిపిస్తే అమ్మవారు వచ్చినట్టే. మందు వేస్తే ఆమెకు కోపం. ఇంట్లో పోపు పెట్టకూడదు. పిల్లవాడి నోట వచ్చేది తల్లి మాటే కాబట్టి ఏదడిగినా కాదనకూడదు. మా అమ్మ మమ్మల్ని అట్లాగే సాకింది. ఇంక నాకు చెప్పేదెవరు?

వేపాకు కోసం ఆయన్ను బజారుకు తరిమాను. గంటసేపు తిరిగి ఏదో కొమ్మ పట్టుకొచ్చాడు. వాసన చూసి, "గిది యాపాకా? మేకకేస్తే మేక సుత ముట్టది," అని కిటికీలోంచి విసిరేశాను. అంతలో కింద వంటగదిలోంచి ఆవనూనె పోపు ఘాటు! దిగిపోయి లాడ్జి యజమానురాలితో కాజీపేట ఉర్దూలో కొట్లాడాను. నా మాటలు ఆమెకు సగమే అర్థమయ్యాయి, కోపం మాత్రం పూర్తిగా అర్థమైంది. పాపం, అప్పటి నుంచి ఉడకబెట్టిన కూరలే వండింది.

మూడో రోజు పొద్దుటికి బాబు ఊపిరి మారింది. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుంటోంది. నీళ్లు పోస్తే మింగడం లేదు. దవాఖానకు తీసుకుపోవాల్సిందేనని నాకూ తెలిసిపోయింది. కానీ సూది వద్దన్న నోటితోనే పోదామని ఎట్లా అనను? పైగా నిజంగానే భయం. అమ్మవారి మాట నేను దాటితే, ఆమె పిల్లవాణ్ని తీసుకుపోతే?

మా ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొడుక్కి చేతులు జోడించాడు.

"అమ్మా, తల్లీ. జర దవాఖాన దాకా పోయొద్దమా? రిక్షల పోదాం. గంట కొట్టుకుంట పోదాం."

రిక్షా అంటే వాడికి ప్రాణం. కళ్లు తెరవకుండానే, "పోదాం," అన్నాడు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "తల్లే పోదామన్నది. నువ్వేమంటవ్?"

అది ఆయన ఎత్తుగడ అని నాకు తెలుసు. తెలిసే పిల్లవాణ్ని శాలువాలో చుట్టాను. "ఇంక నిలబడ్డవేంది, రిక్షా పిలువు!" అని ఆయన మీదే అరిచాను.

డాక్టరు చూసి తట్టు అన్నాడు, దాని మీద నిమ్ము చేసిందన్నాడు. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని హిందీలో గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, తప్పు తనదేనని, దవాఖానకు పోదామని నేను మొదటి రోజు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానని చెప్పాడు.

ఐదు రోజులకు బాబు గంజి అడిగాడు. లాడ్జి ఆమే కాచి పంపింది. ఆ వారంలోనే పాపకూ పొక్కులు లేచాయి. ఈసారి ఆయన చెప్పులు తొడుక్కునేలోపే నేను పిల్లను ఎత్తుకుని రోడ్డెక్కాను.

కాజీపేటలో అందరికీ ఆయన చెప్పింది ఒక్కటే: "నేనే లేట్ చేసిన. ఆమెనే పిల్లగాన్ని ఎత్తుకొని ఉరికింది." పోయేదాకా అదే చెప్పాడు. కాదని అనడానికి ఒక్కసారీ నాకు నోరు రాలేదు.

ఇప్పుడు నా కొడుకు తన కూతురికి అదే కథ చెబుతాడు. "మీ నానమ్మ లేకుంటే నేను లేను బిడ్డా."

"నిజమేనా నానమ్మా?" అని ఆ పిల్ల నన్ను అడుగుతుంది.

నేను తల ఊపుతాను.