కత్తెరక్క కుట్టుకున్న బరువులు

కత్తెరక్కను నేను మొట్టమొదట చూసింది ఆసుపత్రి వెనకభాగంలోని వ్యాయామపు గదిలో. గోడ పొడుగునా వేసిన కుర్చీల్లో మోకాళ్ళనొప్పుల వాళ్ళం వరసగా కూర్చుని ఉన్నాం. మెడలో కొలత టేపు, నడుముకు వేలాడే తోలు ఒరలో పెద్ద కత్తెర. ఆవిడ ఆ వేషంతోనే కుంటుతూ లోపలికి వచ్చి, నా పక్కన కూర్చోబోతూ నా భుజాలకేసి పరీక్షగా చూసింది.

"మీ ఎడమ భుజం కాస్త కిందికుందండీ. సంచీ ఎప్పుడూ అటే తగిలించుకునేవారా?"

ఏళ్ళ తరబడి పిల్లల పరీక్షపత్రాలు మోసిన భుజమని చెప్పాను. అటువైపు కొంచెం దూది పెట్టి కుడితే ఎవరి కంటా పడదని ఆవిడ ధైర్యం చెప్పింది. దాని గురించి నేను ఎన్నడూ దిగులుపడలేదు కాని, ఆ ఓదార్పు మాత్రం నాకు నచ్చింది.

ఆవిడకు పని నేర్పినవాడు మేనమామ. మనిషి ఒంట్లోని వంకర బట్టలో కనిపిస్తే ఆ తప్పు దర్జీదేనని ఆయన నమ్మకం. గూని ఉన్నవాడికి నిటారుగా కనిపించే కోటు, ఒక కాలు పొట్టిగా ఉన్నవాడికి రెండంచులూ సమంగా తేలే లాగు కుట్టడం ఆవిడకు ఆయన కొట్లోనే అబ్బింది. ఇప్పుడు ఆ కొట్టును అక్కాచెల్లెళ్ళిద్దరూ నడుపుతున్నారు. అక్క కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. కత్తిరించేవాళ్ళు బల్ల దగ్గర నిలబడాలి; మాటిమాటికి కుర్చీలోంచి లేవాలి. ఎడమ మోకాలు మొరాయించడం మొదలయ్యాక అక్క ఒక చెయ్యి బల్లకు ఆనించి, ఒంటిచేత్తో కత్తిరించసాగింది. ఒకరోజు ఖరీదైన కోటు గుడ్డ వంకరగా తెగింది.

చెల్లెలు అరవలేదు, తిట్టలేదు. చలికాలపు కోట్ల పని మొదలయ్యేలోగా చేతి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవగలిగితే కత్తెర అక్కదేననీ, లేకపోతే కత్తెర తన చేతికిచ్చి, అక్క ఒక మూల కాజాలు కుట్టుకుంటూ కూర్చోవాలనీ తేల్చి చెప్పింది. ఈ సంగతి నాతో చెబుతూ కత్తెరక్క ఒరమీద చెయ్యి వేసుకుంది. "కాజాలు చెడ్డపనేం కాదండీ. కానీ గుడ్డని మొదట ముట్టుకునేది నేనే కావాలి" అంది.

వ్యాయామం నేర్పే ఫిజియో చిన్న వయసు పిల్ల, ఓర్పు గలది. అరిగిన కీలు మళ్ళీ కొత్తది కాదనీ, తొడ కండరం గట్టిపడితే కీలుమీద పడే భారంలో కొంత అది పంచుకుంటుందనీ చెప్పింది. నొప్పి ఒకచోట ఉంటే పని మరొకచోట చెబుతారేమని కత్తెరక్క నిలదీసింది. కుట్టు పిగిలేచోట లోపల మరో గుడ్డ వేసి బలం చెయ్యరా, ఇదీ అంతేనంది ఫిజియో. ఆ జవాబు ఆవిడకు ఎంత నచ్చిందంటే, వచ్చినవాళ్ళందరికీ తానే కనిపెట్టినట్టు చెప్పేది. మేనమామ దగ్గర ఏళ్ళ తరబడి మిషను తొక్కిన కాలికి ఇంకా బలమెందుకన్నది రెండో ప్రశ్న. మిషను తొక్కేటప్పుడు పాదం, పిక్క పనిచేస్తాయే తప్ప తొడకు పెద్దగా శ్రమ ఉండదని తెలిశాక చాలా నొచ్చుకుంది. "ఇన్నేళ్ళూ కూర్చుని తిన్నావటే" అని తన తొడనే ఒక దెబ్బ వేసింది.

కుర్చీలో కూర్చుని, చీలమండకు ఇసుకసంచి కట్టుకుని కాలు నిటారుగా చాచి నెమ్మదిగా దించాలి. ఆసుపత్రివాళ్ళ సంచుల కుట్లు చూసి కత్తెరక్క ముక్కున వేలేసుకుంది. వారం తిరగకుండానే తన కొలతకు ఒక జత కుట్టుకుంది: ముదురునీలి గుడ్డ, రెండు వరసల కుట్టు, బిగించుకోవడానికి నాడా. అందరం ఆ సంచులను చేతుల్లోకి తీసుకోకుండా కళ్ళతోనే మెచ్చుకున్నాం.

కొన్ని వారాలకు నేను మా ఇంటి మెట్లు పక్క కమ్మీ పట్టుకోకుండా ఎక్కసాగాను. ఆవిడ కుడికాలూ బలపడింది. ఎడమకాలు మాత్రం ఉన్నచోటే ఉంది. ఫిజియోకు అంతుపట్టలేదు; నిద్ర గురించి, తిండి గురించి, కుర్చీ ఎత్తు గురించి తరిచి తరిచి అడిగింది. ఒక్కపూట కూడా మానలేదని చెల్లెలు సాక్ష్యం చెప్పింది. అంత శ్రద్ధగా చేసే మనిషికి ఫలితం ఎందుకు రావడంలేదో తెలుసుకోవాలని నాకూ మనసు పీకింది. చూద్దామని ఒక మధ్యాహ్నం కొట్టుకు వెళ్ళాను.

కూర్చోవడానికి స్టూలుమీది ఇసుకసంచులు తియ్యబోయి, రెండు చేతులతో చెరొకటీ ఎత్తాను. ఒక చెయ్యి కిందికి లాగింది, రెండోది తేలిపోయింది. పైకి చూస్తే రెండూ ఒకే కొలత, ఒకే లావు. ఇదేమిటని అడిగాను.

"ఆ తేలికది ఎడమకాలిదండీ" అంది కత్తెరక్క, ఇందులో వింతేముందన్నట్టు. "నీరసంగా ఉన్న కాలు కదా, దానికి తగ్గట్టు కుట్టాను. పైపైన ఇసుక, లోపలంతా పీలికలు. కాలు కాస్త గొణిగినప్పుడల్లా ఓ కుట్టు విప్పి, ఇంకొంచెం ఇసుక తీసేసేదాన్ని. చూడ్డానికి మాత్రం జత కుదరాలి కదా."

చెల్లెలు మిషను ఆపింది. "అక్కా, నీ కాలికి కూడా దూది పెట్టావా?"

మర్నాడు ఫిజియో రెండు సంచులనూ తూచినట్టు పట్టుకుని చాలాసేపు నవ్వింది. తరవాత ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"గుడ్డ ఒంటికి సరిపోవాలి, నిజమే అక్కా. బరువు అలా సరిపోతే ఒళ్ళు మారదు. అది ఎప్పుడూ కొంచెం బిగుతుగా ఉండాలి. కుర్చీలోంచి లేచేటప్పుడూ మీరు భారమంతా కుడికాలిమీదికి తోసేస్తున్నారు."

కత్తెరక్క ఆ రెండు సంచులూ తీసుకుంది. ఇంటికి వెళ్ళి పీలికలన్నీ దులిపేసింది. ఉన్నట్టుండి బరువు పెంచవద్దనీ, చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు కాని మర్నాటికి మోకాలు వాస్తే బరువు కొంత తగ్గించాలనీ ఫిజియో చెప్పింది. ఆ మాటలు పట్టుకుని, కాగితం గొట్టంలోంచి కొంచెం కొంచెంగా ఇసుక పోస్తూ, కొత్తరకం గుడ్డను పరీక్షించినంత కుతూహలంగా తన కాలిని గమనించసాగింది. ఒకసారి తొందరపడింది, మోకాలు వాచింది, వెనక్కి తగ్గి మళ్ళీ మొదలుపెట్టింది.

చలికాలపు తొలి కోటు గుడ్డ బల్లమీదికి వచ్చిన ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. కత్తెరక్క కుర్చీలో కూర్చుని చేతులు రెండూ గుండెలమీద కట్టుకుంది. రెండు పాదాలూ నేలకు సమంగా ఆనించి ముందుకు వంగింది. సగం లేచాక ఎడమ తొడ వణికింది. కుడివైపు ఒరగాలని ఒళ్ళు చూసింది, ఆవిడ ఒరగనివ్వలేదు. నిలబడింది.

చెల్లెలు కాసేపు చూసి, మిషనువైపు తిరిగింది. "కాజాలు నేను కుడతాలే" అంది.

అన్నీ తిరిగి రాలేదు. అంచు కొలవడానికి నేలమీద మోకాలు ఆనించడం ఇక కుదరదని ఫిజియో ముందే చెప్పింది. అందుకని కత్తెరక్క వడ్రంగి చేత ఎత్తయిన చెక్కపీట ఒకటి చేయించింది. బేరానికి వచ్చినవాళ్ళు దాని మీద నిలబడితే, తాను కుర్చీలో కూర్చునే సుద్దతో గుర్తుపెట్టి, లేచి బల్ల దగ్గరికి నడుస్తుంది.

కిందటి నెలలో పొడవాటి గౌను కుట్టించుకోవడానికి వెళితే ఆ పీట నాకూ తప్పలేదు. ఎప్పటిలాగే బలమైన కుడికాలు ముందు పెట్టి, అలవాటు కొద్దీ గోడకోసం చెయ్యి చాచాను. ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసి అడిగింది:

"గోడ వదిలేసి, ఆ రెండోకాలితో ఒక్కసారి ఎక్కరూ టీచరుగారూ? నేను చూస్తున్నాగా."