ఆకలి తలనొప్పి అనుకున్నాను

ఆ ఆదివారం పొద్దున ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానో తెలియక నిలబడిపోయాను. లోపలి లైటు కళ్లలో గుచ్చుకుంది, తల పగిలిపోతోంది. ముందురోజు రేసులో నా గుర్రం చివరి కంచె దూకుతూ తడబడింది, నేను పడ్డాను. లేచి, మట్టి దులుపుకుని నడిచొచ్చేశాను. అక్కడ అందరూ అలాగే వస్తారు.

కంచెలు దూకే గుర్రప్పందేల్లో నేను జాకీని. రెండు సీజన్లు చేశాను, ఒక్క రేసు గెలిచాను. నా పేరు మీరు విని ఉండరు. చిన్నప్పుడే గుంటూరు నుంచి అమెరికాలోని కమ్మింగ్ వచ్చేశాం. ఊరికే కూర్చోవడం నాకు అప్పుడూ చేతకాదు, ఇప్పుడూ చేతకాదు.

రేసుకి ముందు మేం బరువు తగ్గాలి. కడుపు మాడ్చుకుని, వేడినీళ్ల టబ్బులో కూర్చుని చెమట పట్టించుకుంటాం. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు మాకు మామూలే. అందుకే ఇదీ ఆకలి తలనొప్పే అనుకున్నాను. గుర్రాలంటేనే గిట్టని మా అమ్మ కూడా అదే అంది.

"తిండి మానేసి గుర్రాలెక్కితే కళ్లు తిరగక ఏమవుతుందే? ముందు తిను."

తిన్నాను. పప్పు, నెయ్యి, పెరుగన్నం, వారమంతా పెట్టిందల్లా తిన్నాను. తగ్గలేదు. ఫోన్‌లో అక్షరాలు కదిలేవి. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ, ఏం చేస్తున్నానో మరిచిపోయి ఆగిపోయాను. ఎదురుగా కూర్చున్న అమ్మ చూసింది.

"ఇది ఆకలి కాదే. పద, కార్ ఎక్కు."

ఆస్పత్రి ఈఆర్‌లో సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. న్యూరాలజిస్ట్ మన తెలుగావిడే, నన్ను ఒంటికాలి మీద నిలబడమంది. గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"స్కాన్ నార్మలే. కానీ ఇది కంకషన్, పడ్డప్పుడు మెదడు అదిరింది. రైడింగ్ స్టాప్ చేసేయండి."

"ఎప్పటిదాకా?"

"ముందు మెట్లు ఎక్కగలిగితే చూద్దాం."

కళ్లు తిరగడం తగ్గడానికి వెస్టిబ్యులర్ థెరపీ మొదలైంది. గోడ మీది చుక్కని చూస్తూ తల అటూ ఇటూ తిప్పడం, అంతే. పిచ్చెక్కిపోయింది. కాస్త తేలిక పడగానే ఎవరికీ చెప్పకుండా లాయానికి వెళ్లి గుర్రమెక్కాను. ఒక చుట్టు తిరిగేలోపే వాంతి చేసుకున్నాను. థెరపీ మళ్లీ మొదటికొచ్చింది. అమ్మ తిట్టలేదు, ఏడ్చింది. నాకు తిట్లకన్నా దానికే ఎక్కువ భయమేసింది.

"ఇంకోసారి తలకి దెబ్బ తగిలితే నేను గ్యారంటీ ఇవ్వలేను," అంది డాక్టర్. ఆ ఏడు లైసెన్స్ రెన్యూ చేయించుకోలేదు. కోపం మాత్రం చాలాకాలం పోలేదు.

ఇప్పుడు అదే లాయంలో పిల్ల గుర్రాలకి నేల మీద నుంచే శిక్షణ ఇస్తున్నాను. మబ్బు పడితే తలనొప్పి వస్తుంది. మొన్న ట్రైనర్, "ఒక్క రౌండ్ మెల్లగా తిప్పుతావా?" అన్నాడు. రికాబులో కాలు పెట్టాను. కాసేపు అలాగే ఉండి, దించేశాను. ఎక్కాలనే ఆరాటానికి ఇంటికొచ్చేదాకా కాళ్లు ఒకచోట నిలవలేదు.

నేను చెప్పేది ఒక్కటే. పడి లేచాక బాగున్నానా అని మిమ్మల్ని మీరు అడక్కండి. తోటి జాకీలనీ అడక్కండి. గుర్రాలంటే గిట్టనివాళ్లని ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం తినండి. నాకు మా అమ్మ ఉంది.