వెనక నడిచిన మనిషి

న్యూ హాంప్‌షైర్ కొండల్లో గైడ్ వెంట రాత్రి బసకి కట్టిన ఒక హట్ నుంచి ఇంకో హట్‌కి నడుస్తున్నాం. నిటారు రాళ్ల దారిలో ఆయాసమొచ్చి ఆగిపోయాను. బృందంలో నేను కాక తెలుగాయన ఒక్కరే, పేరైనా అడగలేదు. ఆయనా నా వెనక ఆగారు. జాలిపడుతున్నారేమోనని ఒళ్లు మండింది.

"మీరు పదండి, నేను మెల్లగా వస్తాను" అన్నాను.

"పోయినేడు మా ఆమె గూడ ఇక్కడ్నే గిట్లనే అన్నది. నేను ముందల పోయిన. మంచు కమ్మింది. తెల్లారినంక పానం లేకుంట దొరికింది" అన్నారు. "నడువుండ్రి."

సాయంత్రం దాకా ఆయన చేతికర్ర చప్పుడు నా వెనకే వినిపించింది.

హట్ చేరాక, అందరూ వచ్చేశారని గైడ్ తలుపు మూయబోయింది. ఆయన మాత్రం గడప బయటే నిలబడి, మేం వచ్చిన దారివైపే చూస్తున్నారు.